అర వోల్టు నిజం

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు ఇంజిన్ చప్పుడు వినడం నాకు ఇష్టం. కాలు తీసేశాక కూడా నిమిషానికి ఎనిమిది వందల చుట్లకు కాస్త అటూ ఇటూగా అది నిలకడగా తిరుగుతోందంటే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే. ఆ నిలకడ తప్పి, రేసు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, ఏసీ వెయ్యగానే బండి ఆగిపోతున్నా మనవాళ్లు ముందుగా తీసేది స్క్రూడ్రైవర్. ఆ చెయ్యి కాసేపు ఆగాలని నా కోరిక.

కార్బ్యురేటర్ల కాలంలో అది తప్పు కాదు. ఐడిల్ స్క్రూ ఉన్నదే తిప్పడానికి. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లో కొత్త కార్లకు యూరో కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి చేశాక, కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ అనే మాట షోరూముల నుంచి మన ఆటోనగర్ల దాకా పాకింది. ఇంజిన్ మారినా చేతి అలవాటు మాత్రం చాలా చోట్ల అలాగే ఉండిపోయింది.

ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన గాలి ఇంజిన్‌లోకి పోయే దారిలో ఉండేదే థ్రాటిల్ బాడీ. అందులో ఒక ఇరుసు మీద తిరిగే గుండ్రటి పలక ఉంటుంది. మనం యాక్సిలరేటర్ తొక్కితే ఆ పలక తెరుచుకుంటుంది. ఇరుసు చివర కూర్చున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. దానికి మూడు వైర్లు: ఒకటి అయిదు వోల్టులు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది కబురు మోసేది. పలక మూసి ఉంటే మూడో వైరులో దాదాపు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగున్నర దాకా. కచ్చితమైన అంకె బండి బండికీ మారుతుంది, సర్వీస్ మాన్యువల్ చూడాలి.

ఆ అర వోల్టే అన్నిటికీ మూలం. ముల్లు సున్నా మీద నిలవని కాటాలో ఎంత జాగ్రత్తగా తూచినా తూకం తప్పే. మూసిన పలక దగ్గర 0.5 రావాల్సింది 0.8 వస్తే, డ్రైవర్ కాలు ఇంకా పెడల్ మీదే ఉందని ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీఎం, నమ్ముతుంది. అప్పుడది ఐడిల్‌ని తన అదుపులోకి తీసుకోదు. ఇంకో నష్టం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. తిరుమల నుంచి ఘాట్ రోడ్డు దిగుతూ గేరులోనే ఉండి కాలు తీసేస్తే, పలక మూసుకుందని తెలుసుకుని ఈసీఎం ఇంజెక్టర్లను ఆపేస్తుంది. చుక్క పెట్రోలు పడదు, ఇంజిన్ బండిని బిగపట్టి దింపుతుంది. సెన్సర్ అబద్ధం చెబితే పెట్రోలు పడుతూనే ఉంటుంది, ఆ పట్టు సడలుతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఆ అర వోల్టును సరిచేసే సెట్టింగ్‌కి ముందు థ్రాటిల్ బాడీని శుభ్రం చెయ్యాలి. ఇంజిన్ అడుగు నుంచి వచ్చే నూనె ఆవిరి పలక అంచున నల్లటి జిగురై పేరుకుంటుంది. క్లీనర్ స్ప్రే కొట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. కొన్ని పలకల అంచున గాలి దూరకుండా వేసిన పలుచని పూత ఉంటుంది, గరుకుగా రుద్దితే అది పోతుంది. తర్వాత పెడల్ నుంచి పలకకు వచ్చే కేబుల్‌కి కాస్త లూజు ఉందో లేదో చూడాలి. పలక ఆనే స్టాప్ స్క్రూని ఫ్యాక్టరీలోనే కుదిర్చి, దాని మీద రంగు చుక్క పెడతారు. దాన్ని ముట్టుకోవద్దు. అది కదిలిందంటే కొలతలకు ఆధారమే పోతుంది.

ఇక మిగిలింది మల్టీమీటర్. తాళం ఆన్‌లో ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, కనెక్టర్ వెనక నుంచి సన్నటి పిన్ను పెట్టి మూడో వైరు చూడాలి. కోలగా తొలిచిన రంధ్రాలున్న సెన్సర్ అయితే రెండు స్క్రూలు వదులు చేసి, వెంట్రుక వాసి తిప్పుతూ మాన్యువల్ చెప్పిన అంకెకు తేవాలి. బిగించాక మళ్లీ చూడాలి, ఎందుకంటే బిగింపులోనే అది కాస్త జరుగుతుంది. ఆ తర్వాత పలకని నెమ్మదిగా తెరుస్తూ పోవాలి. ముల్లున్న పాత మీటరే ఈ పనికి మేలు. ముల్లు ఎక్కడా తడబడకుండా పైకి పోవాలి. సెన్సర్ లోపలి ట్రాక్ అరిగేది ఎక్కువగా ఐడిల్‌కి కాస్త పైన, ఊళ్లో ట్రాఫిక్‌లో మన కాలు ఎప్పుడూ ఉండేచోట. అక్కడ ముల్లు తటాలున పడితే ఎంత తిప్పినా లాభం లేదు, సెన్సర్ మార్చాల్సిందే.

ఇప్పటి చాలా కార్లలో కేబుల్ లేదు, తిప్పే స్క్రూలూ లేవు. పలకని మోటారు తిప్పుతుంది. సెన్సర్లు రెండు, ఒకదాని మాటను రెండోది సరిచూస్తుంది. ఆ రెండూ పొసగకపోతే ఈసీఎం బండిని మెల్లగా తప్ప పోనివ్వదు. తాళం ఆన్‌లో ఉండగా ఆ పలక మధ్య వేలు పెట్టకూడదు. వీటిలో సెట్టింగ్ అంటే తుడిచిన తర్వాత మూసిన స్థానాన్నీ ఐడిల్‌నీ ఈసీఎంకి మళ్లీ నేర్పించడం. నేర్పకపోతే జిగురు పోయిన సందులోంచి గాలి ఎక్కువై రేసు పెరుగుతుంది, శుభ్రం చేసి పాడుచేశారని యజమాని కోప్పడతాడు. అంత పని చేశాక కూడా యజమాని చేతిలో పెట్టి చూపించడానికి పాత పార్టంటూ ఏదీ ఉండదు. అయినా ఆ నేర్పడం పూర్తయ్యేదాకా ఇంజిన్ దగ్గరే నిలబడి, ఏసీ వేసి ఆపి, హెడ్‌లైట్లు వేసి చూసే మెకానిక్‌కి అడిగినంత మజూరీ ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం.