జంగ్‌తో జంగ్

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఈ తేడా తెలుసు. 'జీమ్'తో రాస్తే జంగ్ అంటే యుద్ధం. 'జే'తో రాస్తే తుప్పు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటైపోతాయి. సముద్రపు గాలి పీల్చే మా బందరు వాళ్లకు ఆ రెండూ ఒకటే కూడా. కిటికీ ఊచలు, సైకిల్ చైన్లు, గేటు బందులు... ఉప్పుగాలి దేన్నీ వదలదు.

అయితే ఇంట్లో తుప్పు కళ్లకు కనిపిస్తుంది. బండి కిందిది కనిపించదు. అదే ఖతర్నాక్.

బ్రేకు తొక్కితే ఆ జోరు నూనె ద్వారా చక్రాల దాకా పోతుంది. నూనె నడిచేది పెన్సిల్ కంటే సన్నని నల్కీలో. చాలా కార్లలో దాని మందం 4.75 మిల్లీమీటర్లు. మామూలుగా అది ఉక్కుది. పైపూత గీసుకుపోయిన చోట ఉప్పూ బురదా చేరి లోపలికి తొలుస్తాయి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే నూనె ఒత్తిడి ఎక్కువ, కాబట్టి అవసరమైన ఘడియలోనే అది పగిలే ప్రమాదం. ఇప్పటి కార్లలో నూనెకు రెండు దారులుంటాయి. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది, కానీ బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది. ఆ దూరంలో ఎవరి ఔలాద్ ఉంటుందో అల్లాహ్‌కే ఎరుక.

మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ ఈ ముసీబత్ ఇంకా పెద్దది. అందుకే స్వీడన్ వోల్వో కంపెనీ 1970లలోనే రాగి, నికెల్ కలిపిన గొట్టాలకు మారింది. సుమారు 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్, అందులోనే కాస్త ఇనుము, మాంగనీస్. మన చిన్నప్పుడు ఈదీగా అందుకున్న 1980ల రూపాయి బిళ్ల కూడా ఈ ఖాందాన్‌దే. అందులో నికెల్ 25 పాళ్లు.

ఈ లోహం మన ఇళ్లకు ఇంకో దారిలో కూడా చేరింది. మా ఖాలూ సౌదీలో పనిచేసినన్నాళ్లూ తాగింది సముద్రపు నీళ్లే, ఉప్పు తీసేసినవి. గల్ఫ్ తీరంలో సముద్రపు నీటిని ఆవిరి చేసి మంచినీళ్లు తీసే పాత పెద్ద కార్ఖానాల్లో వేలకు వేల రాగి-నికెల్ గొట్టాలుంటాయి. సముద్రపు నీరు తగలగానే ఈ లోహం మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొరే దానికి పర్దా. నాచూ గవ్వపురుగులూ కూడా దాని మీద అంతగా అతుక్కోవు. ఓడల్లోనూ, తీరప్రాంత పవర్ ప్లాంట్లలోనూ ఇవే వాడతారు. ఐబు లేదని కాదు. నీరు మరీ జోరుగా పారితే ఆ పొర లేచిపోతుంది, మురుగులోని గంధకం దాన్ని పాడుచేస్తుంది.

జుమ్మా రోజు సూరె కహఫ్ చదివేవాళ్లకు జుల్‌ఖర్నైన్ గోడ గుర్తుండే ఉంటుంది. ఇనుప దిమ్మెల మీద కరిగిన తాంబా పోయించాడు. ఇనుముకు రాగి తోడు అన్న మాట మనం ఎప్పటినుంచో వింటున్నదే.

మా వీధి షెడ్డు ఉస్తాద్‌ని అడిగితే అసలు సంగతి చెప్పాడు: "భాయ్‌సాబ్, కొందరు సస్తాగా అవుతుందని ఏసీకి వాడే తాంబా పైపు వేసేయమంటారు. నేను వేయను. రాత్రి నాకు నిద్ర పట్టాలి కదా."

అతని మాట సహీ. ఉత్త రాగి మెత్తన, బండి అదురుకు అలిసి చీలుతుంది. రాగి-నికెల్‌కు ఆ ఒత్తిడిని తట్టుకునే బలం ఉంది, వంచడమూ సులువే. ఉక్కు కంటే ఖర్చు ఎక్కువ, నిజమే. పైపు మార్చాల్సి వస్తే ఏ లోహమో అడగండి. బ్రేకుల కోసమే చేసిన గొట్టమా అని కూడా అడగండి. కొసలు సరైన పనిముట్టుతో విప్పార్చి బిగించాడా చూడండి.

మన బిరాదరీలో ఎందరి రోజీయో ఈ షెడ్లలోనే ఉంది. కస్టమర్ బండి కిందికి దూరి చూడడు. అతనికి కనిపించని ఆ నాలుగడుగుల నల్కీ మెకానిక్ చేతిలో అమానత్.