ఒక్క మార్కు

“దింపు తీసే మనిషి నేల మీద కూర్చుంటే మా ఇల్లెలా గడుస్తుందండీ?” అందామె. భర్త తలెత్తలేదు. కొత్తపేట దగ్గర పల్లె వాళ్ళది. ఇరవై ఏళ్ళు కొబ్బరిచెట్లెక్కిన మనిషి. అరికాళ్ళు ఇంకా కాయలు కాసే ఉన్నాయి.

దాదాపు ఐదేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం, చెట్టు మొవ్వు దగ్గరుండగా గుండె దడదడలాడింది. అరచేతులు చెమటకి జారాయి. ‘అయిపోయాను’ అనుకున్నాడు. ఎలా దిగాడో గుర్తులేదు. మళ్ళీ ఎక్కలేదు. ఆ తర్వాత రావులపాలెం బస్సు మానేశాడు, పెళ్ళిళ్ళు మానేశాడు, సంత మానేశాడు. ఇప్పుడు కాలవ గట్టు దాటాలన్నా భార్య పక్కనుండాలి. అందుకోసం ఆమె కూలికి వెళ్ళడం మానుకుంది.

ఫైల్లో ఐదు ఈసీజీలున్నాయి, అన్నీ నార్మలే. మొదటిది నేను తీయించిందే. అప్పటికి నేను సైకియాట్రీ చదవలేదు, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ని. “నీకేం లేదు, ఇంటికెళ్ళు” అన్నాను. ఆ మాట ఊళ్ళో మరోలా తిరిగింది: ‘డాక్టరే ఏం లేదన్నాడు, వీడు ఒళ్ళు దాచుకుంటున్నాడు.’

ఇప్పుడు సదరం వైకల్య సర్టిఫికెట్ కోసం వచ్చారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ వైకల్యంగా గుర్తించింది. కొలవడానికి ‘ఐడియాస్’ అనే పద్ధతి ఉంది, మొత్తం 20 మార్కులు. తన పనులు తాను చేసుకోవడం: 0. నలుగురితో మెలగడం: 1. మాట్లాడటం, అర్థం చేసుకోవడం: 0. పని: 3. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో దానికి 2. కూడితే 6. ఏడొస్తే 40 శాతం కింద లెక్క. నెలకు ఆరు వేల పింఛనుకు దారి.

ఇదే జబ్బుతో ఆరేళ్ళు నిండితే కాలం కింద ఇంకో మార్కు కలుస్తుంది. అంటే బాగుపడకుండా మరో ఏడాది పైచిలుకు ఓపిక పట్టాలి! పెన్ను కాసేపు ఆగింది. ఆరే వేశాను.

ఆమెను మాత్రం తోడు తగ్గించమన్నాను. తోడుండేకొద్దీ భయం ముదురుతుందంటే మొదట నమ్మలేదు. మందు మొదలుపెట్టాం, దాంతోపాటు రోజూ ఒక పని: తొలి వారం కాలవ గట్టు దాకా ఒంటరిగా నడక, దడ వచ్చినా వెనక్కి తిరగకుండా, అది తగ్గేదాకా అక్కడే నిలబడాలి. తర్వాత బస్టాపు. తర్వాత బస్సు.

మూడు నెలలైంది. మొన్న ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. చెట్టు ఇంకా ఎక్కలేదు.