జూలియా కాదు, జెన్నీ

పెళ్ళైన ఇరవై రెండేళ్ళకి మా ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. నాతో ఆ ప్రశ్న అడిగించింది ఒక ఇంగ్లీషు నవల.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఇంగ్లీషు నవలంటే ఇప్పటికీ బెరుకే. సెలవులకి వచ్చిన మా అమ్మాయి "ఎన్నిసార్లు ఆ యద్దనపూడి నవలలే చదువుతావమ్మా, ఇది చూడు" అని చేతిలో పెట్టి వెళ్ళింది. జార్జెట్ హేయర్ రాసిన 'ఎ సివిల్ కాంట్రాక్ట్'. 1961లో వచ్చిన పుస్తకం. మధ్యాహ్నం పనయ్యాక, ఫోన్‌లో డిక్షనరీ తెరిచి పెట్టుకుని, రోజుకి పది పేజీల చొప్పున లాగించాను.

కథ 1814లో మొదలవుతుంది. ఇంగ్లండుకీ నెపోలియన్‌కీ యుద్ధం జరుగుతున్న రోజులు. సైన్యంలో ఉన్న ఆడమ్, తండ్రి చనిపోతే ఇంటికొస్తాడు. పేరు గొప్ప వంశం, చూస్తే మెడలోతు అప్పులు. తాతల నాటి ఎస్టేటు అమ్మేస్తే తప్ప గడవదు. అతను ప్రేమించింది జూలియాని. అందగత్తె, సున్నితమైన పిల్ల. కానీ డబ్బులేని పెళ్ళి కుదరదు. అప్పుడు చాలీ అనే పెద్ద వ్యాపారి ముందుకొస్తాడు. నీ అప్పులు నేను తీరుస్తాను, నా కూతుర్ని చేసుకో అంటాడు. ఆ కూతురే జెన్నీ. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. మాట పొదుపు. పైగా జూలియాతో కలిసి చదువుకున్న స్నేహితురాలు.

చదువుతుంటే నాకిదేమీ పరాయి దేశం కథలా అనిపించలేదు. ఇది కట్నం కథే కదా! వాళ్ళకి వంశం పేరు కావాలి, వీళ్ళకి డబ్బు కావాలి. పెళ్ళైన ఆడదాని ఆస్తి ఆమె చేతిలోనే ఉండాలని ఇంగ్లండులో గట్టి చట్టం వచ్చింది 1882లో. అంతకుముందు భార్య తెచ్చింది చాలావరకు భర్తదే. మామగారు చాలీ అయితే అచ్చం మనూరి మామగారే. మనసు మంచిది, గొంతు పెద్దది. అడక్కుండానే ఖరీదైనవన్నీ తెచ్చి ఇంట్లో పోస్తాడు. ఆ ఉపకారం కింద అల్లుడికి ఊపిరాడదు. చాలీకి పింగాణీ వస్తువులంటే ప్రాణం. అంత మోటు మనిషి ఆ సున్నితమైన పాత్రల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటాడో చదువుతుంటే నాకు ముచ్చటేసింది.

జెన్నీ ఏం చేస్తుందంటారా? పెద్ద పెద్ద పనులేం చెయ్యదు. ఇల్లు చక్కబెడుతుంది. ఆడమ్‌కి ఏ వంటకం ఇష్టమో, ఎప్పుడు పలకరించకూడదో తెలుసుకుంటుంది. తన తండ్రికీ భర్తకీ మధ్య మాట తూలకుండా చూసుకుంటుంది. పెళ్ళికి ముందు నుంచే ఆడమ్ అంటే తనకిష్టమన్న సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంటుంది. చెబితే అతనికి భారమవుతుందని.

నేను మాత్రం మన నవలల అలవాటుతో ఎదురుచూస్తూనే ఉన్నాను. ఎక్కడో ఒకచోట ఆడమ్ కళ్ళు తెరుస్తాడు, జూలియాని మరిచిపోయి జెన్నీ కోసం పరుగెత్తుకొస్తాడు అని. పుస్తకం అయిపోయింది కానీ ఆ పరుగు రాలేదు. నిన్ను ప్రేమిస్తున్నాననైతే అంటాడు. కానీ అది జూలియాని ప్రేమించిన లాంటి ప్రేమ కాదని జెన్నీకి తెలుసు. తెలిసే సరే అనుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసిన దానికి చివరికి మిగిలింది ఇదా?

ఆ మంట మీదే, రాత్రి వంటిల్లు సర్దుతూ ఆయన్ని అడిగేశాను. "నన్ను చేసుకోక ముందు మీకెవరైనా ఇష్టమా?" అని. మాదీ హడావిడి పెళ్ళే. మామ్మగారు మంచంలో ఉన్నారని, పెళ్ళిచూపులైన పన్నెండో రోజున ముహూర్తం పెట్టించారు. ఒకరి గురించి ఒకరం ఏం అడిగే వ్యవధీ లేకపోయింది.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "ఉండేది. ఇంట్లో ఒప్పుకోలేదు" అన్నారు. అంతే. అబద్ధం చెప్పలేదు, నవ్వి తప్పించుకోలేదు.

రెండు రోజులు నేను సరిగ్గా మాట్లాడలేదు. కోపం కూడా కాదది. నా ఇంట్లో నాకు తెలియని గది ఒకటుందని ఇన్నేళ్ళకి తెలిసినట్టయింది. ఆయన ఏమీ అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆ నవల చివరి అధ్యాయం మళ్ళీ చదివాను.

ఈసారి జెన్నీ మీద జాలి కలగలేదు. నాకు ఇరవై రెండేళ్ళ తర్వాత తెలిసింది ఆమెకి మొదటి రోజునే తెలుసు. తెలిసీ రోజూ పొద్దున లేచి ఆ ఇంట్లో తిరిగింది. తను జూలియాలా అవ్వాలని ఒక్కనాడూ వేషం కట్టలేదు. అలాగని ఆమెకి నొప్పి లేదని కాదు. ఆ మాటలు ఆమెకీ కావాలనిపించే ఉంటుంది. రోజువారీ బతుకు ముఖ్యమని మనం ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ కోరిక చిన్నదేం కాదు. రచయిత్రి ఆ రెండింటినీ దాచకుండా పక్కపక్కనే పెట్టింది. ఈ నవల నాకు నచ్చింది అందుకే.

ఆ సాయంత్రం కాఫీ ఇస్తే ఆయనే అడిగారు, "ఇంతకీ ఏమిటా నవల?" అని. కథంతా చెప్పాను, జూలియా గురించి కూడా. వాటర్లూ యుద్ధమప్పుడు ఓడిపోయామన్న పుకారుకి అందరూ భయపడి ప్రభుత్వ బాండ్లు అమ్మేస్తుంటే, మామగారు కూడా అమ్మేయమంటే, ఆడమ్ తన పాత సేనాధిపతి మీద నమ్మకంతో ఎదురు కొన్నాడనీ, దాంతో లాభం వచ్చిందనీ చెప్పాను.

"మామగారి మాట వినకుండా కొన్నాడా!" అని ఆయన కాఫీ పక్కన పెట్టేశారు. జూలియా గురించి ఒక్క ప్రశ్న లేదు. అరగంట సేపు బాండ్ల గురించే.

ఇదంతా ఆయన్ని అడిగే రాశాను. "బాండ్ల సంగతి సరిగ్గా రాయి" అన్నారు.