సిట్‌కామ్: ఒక పొట్టి పేరు కథ

'సిట్‌కామ్' అనే మాట వినగానే, కూర్చుని చూసే కామెడీ కాబోలునని భ్రమపడేవారు లేకపోలేదు. ఇందులోని 'సిట్'కు కూర్చోవడంతో సంబంధం లేదు. 'సిట్యుయేషన్ కామెడీ' అనే జంటపదంలో రెండు మాటల తొలి భాగాలను కత్తిరించి అతికితే ఏర్పడిన పేరది. తెలుగులో సన్నివేశ హాస్యమనవచ్చు. ప్రేక్షకుల నోట నిలిచినది మాత్రం 'కామెడీ సీరియల్' అన్న మాటే.

'సిట్యుయేషన్'కు మూలమైన లాటిన్ పదానికి 'చోటు' అని అర్థం. 'కామెడీ' గ్రీకుల నుండి వచ్చింది. ఉత్సవవేళ పాడే పాట అని దాని తొలి భావం. ఈ వ్యుత్పత్తి సిట్‌కామ్ స్వభావానికి వింతగా సరిపోతుంది. వారం వారం చిక్కు మారుతుంది గాని చోటు మారదు. అదే ఇల్లు, అదే సోఫా, అవే మనుషులు, అవే బలహీనతలు. అనుభవం నుండి ఏమీ నేర్చుకోనివాడే ఇక్కడ కథానాయకుడు. అతడు మారిన మరుక్షణం నవ్వు ఆగిపోతుంది!

ఈ ప్రక్రియ టెలివిజన్ కంటె ముందు అమెరికా రేడియోలో పెరిగింది. 1928లో మొదలైన 'ఏమస్ అండ్ ఆండీ'కి అపారమైన ఆదరణ లభించింది. కాని అందులో ఇద్దరు శ్వేతజాతి నటులు నల్లజాతివారి యాసను అనుకరించి నవ్వించేవారు. 1951లో అది టెలివిజన్‌కు వచ్చినపుడు నల్లజాతి నటులే నటించినా, వారి హక్కులకై పోరాడే ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థ తీవ్రంగా నిరసించింది. 1953లో నిర్మాణం నిలిచిపోయింది. పేరేమో సన్నివేశ హాస్యం. నవ్వు మాత్రం మనుషుల పుట్టుక నుండి పిండినది. ఆ పేరుకు ఇంతకు మించిన ద్రోహం లేదు.

అదే 1951లో 'ఐ లవ్ లూసీ' ప్రసారం ఆరంభమైంది. ప్రేక్షకులను ఎదుట కూర్చోబెట్టుకొని మూడు కెమెరాలతో ఫిల్ముపై చిత్రించిన హాస్యమది. లూసిల్ బాల్ ధరించిన గృహిణి పాత్రకు రంగస్థలం ఎక్కాలని ఆశ. సంగీతకారుడైన భర్తకు ఆమె ఇంటిపట్టున ఉండాలని కోరిక. నవ్వంతా ఆ రెండింటి నడుమ ఇరుకులోనే పుట్టింది. ఆ ఇరుకు నాటి స్త్రీలెందరికో సొంత ఇల్లే.

తెలుగువారికి ఈ ప్రక్రియను ఆప్తం చేసినది గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం'. 2001 నుండి 2007 వరకు జెమినీ టీవీలో ప్రసారమైంది. అమృతరావు, ఆంజనేయులు, వారి భార్యలు, ఇంటి యజమాని అప్పాజీ, హోటలు పనివాడు సర్వం. సిట్‌కామ్ అనే మాట వారి ప్రేక్షకులలో ఎందరికి తెలుసో గాని, 'అమృత విలాస్' హోటలు తెలియనివారు అరుదు.