హీరో ఛాన్సు రాలేదు, ఏనుగు ఛాన్సొచ్చింది!

1977లో 'అడవి రాముడు' విడుదలైనప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ సినిమా చూసొచ్చి మా పెనుకొండ వీధిలో పిల్లలందరూ రామారావుగారైపోయారు. నేను తప్ప! నాకు నత్తి. మా వీధి డైరెక్టరు, అంటే మా పెద్దమ్మ కొడుకు, ఒక్క మాటలో తేల్చేశాడు: "నీకు డైలాగు రాదు గదరా! నువ్వు ఏనుగు."

ఏడుపొచ్చింది. కానీ వేషం వద్దంటే ఆటలోనే ఉండను. కోటగోడ పక్కన చింతచెట్టు కింద వంగి, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాను.

ఏనుగు వేషం తేలికనుకునేరు! అరచేతులు నేలకానించి, మోకాళ్ళు తగలకుండా నడవాలి. నాలుగడుగులకే భుజాలు లాగేవి. బోర్లా పడకుండా కుడి చెయ్యితో ఎడమ కాలు, ఎడమ చెయ్యితో కుడి కాలు వెయ్యాలని నా అంతట నేనే కనుక్కున్నా. ఏ డ్రిల్లు మాస్టారూ నేర్పలేదు. హీరో వీపెక్కితే మాత్రం మోకాళ్ళు వాల్చక తప్పేది కాదు! కొన్నాళ్ళకి కోతికొమ్మచ్చిలో కొమ్మ జారని పట్టు చేతికొచ్చింది.

అసలు విచిత్రం వేరే ఉంది. ఘీంకరిస్తుంటే గొంతు ఎక్కడా తట్టుకునేది కాదు. ఓరోజు హీరో ముళ్ళకంప వైపు పోతుంటే, ఏనుగు గొంతుతోనే అరిచాను: "రామూ, ముళ్ళున్నాయి, ఇటు రా!" ఒక్క అక్షరమూ ఆగలేదు! అందరూ నోళ్ళు తెరిచారు. నేనూ తెరిచాను.

మర్నాడు మళ్ళీ అదే నత్తి. ఇంకొకరి వేషంలో మాట్లాడితే కొందరికి నత్తి తగ్గుతుందని పెద్దయ్యాక తెలిసింది. రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ కూడా కర్రను గుర్రం చేసుకునే పిల్లల గురించి 1933లోనే చెప్పాడు: ఆటలో పిల్లలు తమ వయసుకు మించిన పనులు చేస్తారని. నా నత్తి ఈనాటికీ పూర్తిగా పోలేదు. నోరు విప్పాలంటే ఉండే భయం మాత్రం ఆ చింతచెట్టు కిందే పోయింది.

మొన్న మా చెల్లెలి మనవడు సెల్‌ఫోనులోంచి తలెత్తకుండా అడిగాడు: "తాతా, నువ్వెప్పుడైనా వేషం వేశావా?"

"ఏనుగు వేశాను."

"ఏదీ, చూపించు!"

మోకాళ్ళు మూలుగుతున్నా వంగాను. వాడు ఫోను పక్కన పెట్టి, నా వెనకాలే పిల్ల ఏనుగయ్యాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హీరో వేషాలు మీరే వేసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఒక్కసారి ఏనుగై చూడండి. డైలాగుల్లేవు, క్లోజప్పుల్లేవు. కానీ సినిమా వాళ్ళదే కాదు, మీదీ అవుతుంది!