ట్రాక్టరునకు లారీ బాడుగ



వెల చెల్లించినంత మాత్రమున కొనుగోలు ముగియదు. వస్తువు మన వాకిటికి చేరువరకు నగు వ్యయమంతయు వెలలోనిదే. బియ్యపు బస్తా విషయమున ఈ సంగతి నెఱిగిన గృహిణులు సైతము, యంత్రముల మాట వచ్చునప్పటికి "అది మగవారి వ్యవహారము" అని యూరకుందురు. ఆ యంత్రము కొనుటకు బ్యాంకులో కుదువపెట్టిన నగలు ఎవరివి? మనవే. నగ మనదైనప్పుడు లెక్కయు మనదే కావలెను.

మేము ముగ్గురము తోడికోడండ్రము. మాది తెనాలి ప్రాంతమున మాగాణి సేద్యము. 2025 వేసవిలో మా మామగారు వరంగల్లున నొక పాత ట్రాక్టరును 4 లక్షల రూపాయలకు బేరము చేసిరి. అందు 3 లక్షలు మా గొలుసులమీద తెచ్చిన ఋణము. దానిని మోసికొని వచ్చుటకు వరంగల్లు లారీవారు 22,000 రూపాయలు బాడుగ యడుగగా ఇంటిల్లిపాదికి గుండె ఝల్లుమనెను. "లారీ యెందుకు? నడుపుకొనియే తెత్తును" అని మా పిల్లలలో పెద్దవాడు లేచెను.

మేము పద్దుపుస్తకము ముందిడుకొని కూర్చుంటిమి. ఖమ్మము, బెజవాడల మీదుగా దారి రమారమి 270 కిలోమీటర్లు. ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్లు నడచునని యెంచినను 11 గంటల ప్రయాణము. గంటకు 5 లీటర్ల వంతున, లీటరు 100 రూపాయలని స్థూలముగా లెక్కించినచో, డీజిలునకే 5,500. దుక్కికై చేసిన టైర్లు తారురోడ్డుమీద అరుగును. రాత్రివేళ పెద్ద బండ్ల నడుమ మెల్లగా సాగు ట్రాక్టరు ప్రాణాపాయకరము. కుఱ్ఱవాని ప్రాణమునకు పద్దు వ్రాయలేము గనుక ఆ యాలోచన మానితిమి.

ఇక లారీ. 40, 50 అశ్వశక్తిగల ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. చిన్న లారీ చాలును. అది లీటరునకు 5 కిలోమీటర్లు నడచినచో 54 లీటర్లు, అనగా 5,400 రూపాయలు. దానికి టోలు, డ్రైవరు క్లీనరుల బత్తా, దళారి కమీషను చేర్చినను 22,000 కాదేమని లారీ యజమానిని టెలిఫోనులో అడిగితిమి. "బండి ఖాళీగా తిరిగి రావాలి గదమ్మా, దానికి డీజిలు ఎవరు పోస్తారు?" అని యాతడు న్యాయముగనే పలికెను. మనము బాడుగ యిచ్చునది ఒకవైపునకు కాదు, రెండువైపులకును!

అందుచేత మావైపునుండి అరటిగెలలతో వరంగల్లు పోయి, ఖాళీగా తిరిగివచ్చు లారీకై తెనాలిలో విచారించితిమి. నాలుగవ దినమున నొకటి 13,000 రూపాయలకు కుదిరెను. టోలు అందులోనిదే యని ముందుగనే మాట తీసికొంటిమి. 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారులపై ఫాస్టాగు తప్పనిసరి గనుక, ఆ రుసుము లారీ యజమాని ఖాతానుండియే పోవును. దారిలో వేఱుగ నగదు ఇయ్యనక్కరలేదు. ఎక్కించుటకు క్రేనువాడు 2,000 పుచ్చుకొనెను. దింపుటకు మా యూరి కాలువగట్టే చాలెను: లారీ వెనుకభాగమును గట్టునకు ఆనించి, ట్రాక్టరును మెల్లగా నడిపించితిరి మావారు. 2014లో రాష్ట్రములు రెండైనందున, వరంగల్లు రవాణా కార్యాలయమువారి నిరభ్యంతర పత్రమును కూడ అమ్మినవారి యొద్దనుండి తెప్పించితిమి.

ఒక సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము ననుసరించి చేసిన 2011 నాటి నిబంధనల ప్రకారము, అధిక బాధ్యతకై ప్రత్యేక రేటు ఒప్పుకొననిచో, సరకు పాడైనప్పుడు రవాణాదారు ఇయ్యవలసిన పరిహారము బాడుగకు 10 రెట్లు మించదు. మా బాడుగ 13,000 గనుక 4 లక్షల ట్రాక్టరునకు దక్కునది 1,30,000 మాత్రమే. బాడుగ తగ్గినకొలది రక్షణయు తగ్గును! కావున ఆ యొక్క ప్రయాణమునకు 1,000 రూపాయలతో బీమా చేయించి, రసీదుమీద ట్రాక్టరు వెల స్పష్టముగ వ్రాయించితిమి. చక్రములక్రింద చెక్కదిమ్మెలు పెట్టి, ఇరుసులకు గొలుసులు బిగించిన తరువాతనే బండి కదలవలెనని మామగారికి చెప్పితిమి.

మొత్తము 16,000 అయినది. మొదటి లారీయే యైనచో క్రేను, బీమాలతో 25,000 అయ్యెడిది. మిగిలినది 9,000. నూటికి సాలుకు 9 వంతున మా ఋణమునకు నెలవడ్డీ 2,250. అనగా నాలుగునెలల వడ్డీ మిగిలినది. ఇందులో ఎవరి కడుపును కొట్టలేదు. వట్టిచేతులతో రావలసిన లారీవానికి 13,000 దక్కినవి. దిగిన దినమున డ్రైవరు క్లీనరులు మా యింట భోజనము చేసిపోయిరి.

కావున సోదరీమణులారా, మీ యింట యంత్రము కొను మాట వచ్చినప్పుడు వెలతో తృప్తిపడకుడు. బండి యెక్కడినుండి వచ్చును, ఖాళీగా ఎక్కడికి పోవును, టోలు ఎవరిది, పాడైన ఎవరు పూచీయని యడుగుడు. గొలుసు తిరిగి మెడకు వచ్చు దినము ఈ ప్రశ్నలమీద నాధారపడియున్నది.