అన్నయ్య నుదురు

"ఏరా" అని పిలిచిన నోటితో "ఏమే" అనడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ ఒక్కోసారి నోరు జారుతుంది. మా మేనకోడలు కోప్పడదు. "ఫర్వాలేదులే అత్తయ్యా" అంటుంది.

ఆ పిల్ల సంక్రాంతికి వచ్చి, "నుదుటికి ఆపరేషన్ చేయించుకుంటాను" అంది. కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

"మందులు వాడుతున్నావుగా, చాలదుటే?"

చాలదట. హార్మోన్లతో చర్మం మెత్తబడుతుంది, బుగ్గలు కాస్త నిండుతాయి. ఎదిగిన ఎముక మాత్రం మారదు, వచ్చిన గడ్డం పోదు. గడ్డానికి లేజరు ఉంది, ఎన్నో సిట్టింగులు. బుగ్గలకు ఫిల్లర్లు, దవడ కండరానికి బొటాక్స్ ఉన్నాయి గానీ అవి శాశ్వతం కావు.

నుదురు సంగతి వేరు. మగవాళ్లకు సాధారణంగా కనుబొమల మీద ఎముక గట్టులా ఉబికి ఉంటుంది. 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ డగ్లస్ ఔస్టర్‌హౌట్ పుర్రెలను పరిశీలించి మరీ ఈ ఆపరేషన్లకు దారి వేశాడు. జుట్టు మొదలయ్యేచోట కోసి గట్టును అరగదీస్తారు. దాని వెనకే, జలుబు చేస్తే మనల్ని వేధించే సైనస్ గది ఉంటుంది. అది పెద్దదైతే అరగదీత చాలదు. ముందు పలకను కోసి, వెనక్కి జరిపి, చిన్న చిన్న స్క్రూలతో బిగిస్తారు. తర్వాత నెలల తరబడి మాడు మొద్దుబారి ఉండొచ్చు.

వింటుంటేనే నా మాడు తిమ్మిరెక్కింది. కానీ నా బాధ కత్తి గురించి కాదు. ఆ గట్టు మా అన్నయ్యది. అన్నయ్య పోయి ఆరేళ్లు.

ఆ మాటే అనేశాను. అది చాలాసేపు మాట్లాడలేదు.

"రోజూ అద్దంలో నాన్నే కనిపిస్తారత్తయ్యా. నాన్నంటే నాకూ ప్రాణమే. కానీ నేను కనిపించొద్దూ?"

ఏం చెప్పను? నలభై ఏళ్లుగా పదిహేను రోజులకోసారి పైపెదవికి థ్రెడింగ్ చేయించుకుంటున్నదాన్ని. ఒక్క నెల మానితే గడప దాటను. దేవుడిచ్చిన ముఖాన్ని దిద్దకూడదని చెప్పే అర్హత నాకెక్కడిది, మీరే చెప్పండి! అన్నయ్యను చూడాలనిపిస్తే గోడ మీద ఫోటో ఉంది. పిల్ల ముఖం పిల్లది.

"ముందు ఇద్దరు డాక్టర్లను అడుగుదాం. ఆస్పత్రిలో తోడు నేనుంటా" అన్నాను.

"అయితే నీ పైపెదవికీ లేజరు చేయించేద్దాం!" అంది హుషారుగా. అంతలోనే నా ముఖంలోకి చూసి నాలిక్కరుచుకుంది. లేజరు నల్ల వెంట్రుకల మీదే పనిచేస్తుందట, నెరిసినవాటి మీద కాదట.

నా మీసం నెరిసిందన్న సంగతి నాకలా తెలిసింది. అయినా మర్నాడు ఇద్దరం కలిసే బయల్దేరాం, అది లేజరుకి, నేను దారానికి.